పిల్లికి బిచ్చం... నెలకెంత?

ఎవరినైనా పిసినారి అనాలంటే "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటాం. ఈ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గానీ పిల్లిని పెంచి ఉండడు. పిల్లికి బిచ్చం పెట్టడమంటే గుమ్మంలో నిలబడ్డవాడికి గుప్పెడు బియ్యం వేసినట్టు కాదండీ. అది వద్దంటుంది! నిన్న తిన్నది ఇవాళ తినదు. చేపా అన్నం కలిపి వేస్తే చేప తిని అన్నం వదిలేస్తుంది. ఉత్త అన్నం వేస్తే వాసన చూసి, మన మొహంలోకి ఒక్క చూపు చూసి, తోక ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఆ చూపు పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

మా ఇంట్లో మూడున్నాయి. బూడిదమ్మ, మచ్చమ్మ, ఒక గండుపిల్లి. గండుదానికి పేరు పెట్టలేదు, "ఒరేయ్" అంటే పలుకుతుంది. మాది మైపాడు సముద్రానికి దగ్గర్లో చిన్న పల్లె. మావారు ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. జీతం ఎంతో చెప్పను గానీ, ఇరవయ్యో తారీకు దాటిందంటే మా ఇంట్లో కూరకి బదులు పచ్చడి, పచ్చడికి బదులు కారప్పొడి. అటువంటి ఇంట్లో మూడు పిల్లులా అని మీరు అడగబోతున్నారు కదూ? మా అత్తగారు రోజూ అడుగుతూనే ఉన్నారు.

సరదాకి తెచ్చుకున్నవి కావు. మా మామగారి వాటా పొలం నుంచి కోతలయ్యాక నాలుగు బస్తాల బియ్యం వస్తాయి. ఏడాదంతా అవే మాకు ఆధారం. ఒక ఏడు అందులో ఒక బస్తా ఎలుకల పాలైంది. అవి తిన్నది తక్కువే. మిగిలినది వాసన కొట్టి వండుకోవడానికి పనికి రాలేదు. ఆ ఏడే మిక్సీ వైరు కొరికాయి, మా పాప స్కూలు సంచీ కొరికాయి. మందు పెడదామంటే ఇంట్లో చిన్నపిల్లలు. బోను పెడితే రోజుకొకటి పడేది, అటకమీద ఇంకో పది పుట్టేవి. అప్పుడొచ్చింది బూడిదమ్మ, ఎవరూ పిలవకుండానే. నెల తిరిగేసరికి అటకమీద చప్పుళ్ళు ఆగిపోయాయి. బస్తా బియ్యం ధర ఎంతో మీకు నేను చెప్పాలా? అందులో సగం ఒక పిల్లికి ఖర్చుపెట్టినా మనకి లాభమే.

ఒక మాట. "కడుపు నిండితే పిల్లి ఎలకని పట్టదు, పస్తు పెట్టండి" అని చాలామంది సలహా ఇస్తారు. అది నిజం కాదు. తింటున్న తిండి వదిలేసి మరీ ఎలక వెంట పరిగెత్తడం మా బూడిదమ్మకి మామూలు. వేట దానికి ఆకలి కాదు, అలవాటు. ఇంకోటి, పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. మందు తిన్న ఎలకని పిల్లి తింటే దాని ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట పక్కింటివాళ్ళకి కూడా చెప్పి ఉంచుకోవాలి.

ఇక తిండి సంగతికొద్దాం. మీకు తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తుండే ఉంటుంది. ఎలుకల బాధ పడలేక రాయలవారు ఇంటికొక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇచ్చారని చెప్పుకుంటారు. రామకృష్ణుడు కాగుతున్న పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలింది. ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు, పిల్లి పరుగే పరుగు! పాలన్నీ ఇంటివాళ్ళే తాగారు. పాపం, మూతి కాల్చడం అన్యాయమే గానీ, పిల్లికి పాలు అక్కర్లేదన్నది మాత్రం సత్యం. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి పాలలో ఉండే చక్కెర అరగదు, విరేచనాలు పడతాయి. మా మండలంలో పశువుల డాక్టరమ్మ ఈ మాట చెప్పినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో! అరలీటరు పాకెట్టు నలుగురం పంచుకునే ఇంట్లో అయిదో వాటా తప్పిపోయింది. తాగడానికి మంచినీళ్ళు చాలు. ఒక మట్టి మూకుడులో పోసి రోజూ మార్చండి.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం ఒకటుందిట. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు. చేపలోనో మాంసంలోనో దానికి రావాల్సిందే. రాకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. చూపు సంగతి 1975లో, గుండె సంగతి 1987లో అమెరికాలో పరిశోధకులు కనిపెట్టారట. అంతకుముందు ఎన్ని పిల్లులు గుడ్డివై పోయాయో, ముసలితనం అనుకుని ఊరుకున్నారో! కాబట్టి పెరుగన్నంతోనే పిల్లిని పెంచేద్దాం అనుకుంటే అది దానికి అన్యాయమే. "మేం నీచు ముట్టం కదా, మరి మాకెలా?" అంటారా. కోడిగుడ్డు పెట్టే అభ్యంతరం లేకపోతే అది కొంత నయం, కానీ గుడ్డొక్కటే సరిపోదు. అటువంటి ఇళ్ళవాళ్ళు బజార్లో దొరికే పిల్లుల ఎండు గింజలు కొనడమే మంచిది. తడి తిండి చిన్న పొట్లాలతో పోలిస్తే కిలో లెక్కన కొన్న ఎండు గింజలు చాలా చౌక. ఎలకలో కూడా టారిన్ దండిగా ఉంటుందట, అది మాత్రం పిల్లి తన సొంత సంపాదన!

మాకు ఆ చిక్కు లేదు. సముద్రం పక్కనే. వారానికి మూడుసార్లు చేపలామె నెత్తిన సత్తుతట్ట పెట్టుకుని వస్తుంది. ఆమె తట్ట దించేలోపలే మా మూడూ వరసగా కూర్చుంటాయి, రేషన్ షాపు ముందు జనంలాగా. వంజరం, చందువ మా వంక చూడవు, మేమూ వాటి వంక చూడం. నేను తీసుకునేది అరకిలో కవళ్ళు, లేకపోతే నెత్తళ్ళు. అందులో పెద్దవి మా పులుసుకి, చితికినవీ చిన్నవీ పిల్లులకి. వేరే ఇళ్ళలో చేపలు తోమి ఇచ్చాక మిగిలిన తలకాయలూ తోకలూ ఒక కవర్లో వేసి మాకు తెచ్చిపెడుతుంది. దానికి డబ్బు తీసుకోదు. నేను ఒక చెంబు మజ్జిగ ఇస్తాను, ఎండలో నడిచొచ్చిన మనిషి కదా. "ఏంది పాపా, ఇయ్యాల పిల్లుల కూడు మాత్రమేనా? మీరేం తినరా?" అని ఎగతాళి చేస్తుంది. నెలాఖర్లో ఆ మాట నిజమే అవుతుంది కొన్నిసార్లు.

వండే పద్ధతి చెబుతాను. పచ్చి చేప పెట్టకండి. పచ్చిగా ఉన్నప్పుడు కవళ్ళూ నెత్తళ్ళలాంటి చేపల్లో బి1 విటమిన్‌ని విరిచేసే గుణం ఒకటుంటుంది. రోజూ పచ్చివే తింటే పిల్లి తూలిపోతూ నడుస్తుంది, మూర్ఛలొస్తాయి. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. మా పెరట్లో ఒక పాత కుక్కర్ ఉంది, పిడి విరిగిపోయి ఇంట్లోకి పనికిరానిది. మూత బిగువుగానే ఉంది, ఆవిరి గొట్టం శుభ్రంగా ఉంది, రబ్బరు కొత్తది వేయించాను. అందులో చేపలు, మునిగేటన్ని నీళ్ళు. ఉప్పు లేదు, కారం లేదు, పసుపు లేదు, నూనె లేదు. సరుగుడు తోటల్లో రాలిన పుల్లలు మా ఊళ్ళో కొనక్కర్లేదు, వాటి మంట మీద అరగంట ఉంచితే నెత్తళ్ళ ముల్లు వేళ్ళతో నలిపితే నలిగిపోతుంది. ఆ మెత్తని ముల్లే పిల్లికి సున్నం. పెద్ద చేపల గట్టి ముళ్ళు మాత్రం ఏరి పారెయ్యాలి, గొంతులో దిగితే పెద్ద గొడవ. ఉడికిన నీళ్ళు పారబోయకండి. ఇందాక చెప్పిన టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ నీళ్ళతోనే అన్నం కలపాలి. చేప రెండు పాళ్ళు, మెత్తగా వండిన అన్నం ఒక పాలు. బాగా మెదిపి కలిపితే ఎంత గడుసు పిల్లి అయినా అన్నం మెతుకు వేరు చెయ్యలేదు! ఉదయం ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. మా వాటికి అది సరిపోతుంది, ఒరేయ్‌కి ఇంకాస్త.

రోజూ కవళ్ళే పెట్టినా కష్టమే. నూనె ఎక్కువున్న చేపలే తింటూ ఉంటే ఇ విటమిన్ తక్కువై చర్మం కింద కొవ్వు పసుపుపచ్చగా వాచిపోతుందిట. అందుకని వారంలో రెండు రోజులు కోడిమాంసం ముక్కో గుడ్డో మార్చి పెడతాను. కోడి కార్జం కూడా వారానికి ఒకసారి చాలు, ఎక్కువైతే ఎ విటమిన్ ముదిరి ఎముకలు బిగుసుకుంటాయి. మాకు కొనే తాహతు లేదు కాబట్టి ఆ ప్రమాదం ఎలాగూ లేదనుకోండి.

మన పులుసు మిగిలిందని పిల్లికి వెయ్యకండి. పులుసంటే ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా అవుతుందా? అవి రెండూ పిల్లి రక్తాన్ని విరిచేస్తాయి. నెల్లూరు చేపల పులుసు మరునాటికి ఎంత రుచో నాకు తెలుసు, ఆ రుచి మనకే ఉంచుకుందాం. జ్వరంగా ఉందని పారాసిటమాల్ బిళ్ళలో చిన్న ముక్క కూడా వెయ్యొద్దు. మా వీధి చివర ఒకావిడ పిల్లికి వేరే ఊరినుంచి వచ్చిన చుట్టం పావు బిళ్ళ తేనెలో రంగరించి పోశాడు, మంచికే. తెల్లారేసరికి దాని చిగుళ్ళు నల్లబడ్డాయి, సాయంత్రానికి పోయింది. ఇల్లు తుడిచే ఫినాయిల్ కూడా పడదు. తడినేల మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటుంది కదా! నేల ఆరేదాకా పిల్లిని బయట ఉంచండి. బట్టల్లో పెట్టే కలరా ఉండలు దానికి అందకూడదు. కుక్కల గోమార్ల మందు పిల్లికి చల్లకూడదు. మరి గోమార్లకి ఏం చెయ్యాలి? మనింట్లో పేల దువ్వెన ఉంటుంది చూడండి, పాతది ఒకటి దానికి కేటాయించండి. దువ్వి, దువ్వెన సబ్బునీళ్ళలో ముంచడమే. మచ్చమ్మకి ఇదంటే ఎంత ఇష్టమో, దువ్వెన కనబడితే వచ్చి ఒళ్ళో పడుకుంటుంది.

ఇదంతా చేపలున్న రోజుల మాట. నా చిట్టా పుస్తకం ప్రకారం మామూలు నెలలో మూడు పిల్లులకీ కలిపి మూడొందల యాభై దాటదు. అసలు కథ ఏప్రిల్ 15న మొదలవుతుంది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పుతీరంలో ఏటా వేట ఆపేస్తారు. పూర్వం నెలన్నర ఉండేది, 2015 నుంచి అరవై ఒక్క రోజులు, అంటే జూన్ 14 దాకా. మరపడవలేవీ సముద్రంలోకి వెళ్ళకూడదు. తెడ్డు వేసుకుని వెళ్ళేవాళ్ళు తెచ్చేది కాస్తే, దానికి ధర ఆకాశంలో ఉంటుంది. సముద్రానికి మంచిదే, కాదనను. చేపపిల్లలు పెరగకపోతే రేపు ఎవరికీ ఏమీ ఉండదు. మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలకి పెంచారు. మా చేపలామె ఇంటికీ వచ్చింది. ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడికి ఏ భృతీ లేదు. చేపలు లేకపోతే ఐసెవరికి? ఆ రెండు నెలలూ మావారికి సగం జీతమే. అంటే పిల్లుల తిండి ఖరీదు రెట్టింపయ్యే రోజుల్లోనే మా రాబడి సగమవుతుందన్నమాట.

పోయిన వేసవిలో సరిగ్గా ఆ రోజుల్లో బూడిదమ్మ ఈనింది. బియ్యం బస్తాల వెనకాల నాలుగు పిల్లలు! పాలిచ్చే పిల్లికి మామూలుకంటే రెండింతలు, మూడింతలు తిండి కావాలి. మా అత్తగారు ఆ రాత్రే మాట తేల్చేశారు. "మనకే జరగడం ల్యా. పిల్లలు కళ్ళు తెరవకముందే గోతంలో ఏసి మైపాడు ఒడ్డున ఇడిసిపెట్టి రమ్మను వాణ్ణి. ఆడైతే చేపలకి కొదవా?" అని. ఒడ్డున చేపలుంటే కదా! పడవలన్నీ ఇసకలో బోర్లించి ఉన్నాయి, కుక్కలే ఆకలితో తిరుగుతున్నాయి. ఆవిడది కఠినమైన గుండె కాదు. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, అన్నం ఎవరికి చాలదో ముందే లెక్కవేసే అలవాటు. మావారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనరు. నేనే, "అత్తా, రెండు నెలలు గడువియ్యండి. ఇంటి ఖర్చులోనుంచి ఒక్క రూపాయి తీయను. అట్టా తీస్తే మీరు చెప్పినట్టే చేస్తా" అన్నాను.

అనేశాను గానీ ఎక్కడినుంచి తేవాలి? ఎండాకాలం కదా, వడియాలు పెట్టాను. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, ఊరమిరపకాయలు. మా ఊరినుంచి నెల్లూరులో కాపురముండే వాళ్ళు నాలుగిళ్ళవాళ్ళు ముందే చెప్పి చేయించుకున్నారు. ఆ డబ్బు ఒక బోర్నవిటా డబ్బాలో వేసి "పిల్లుల డబ్బా" అని పక్కన పెట్టాను. మేడమీద వడియాలు ఎండబెట్టినప్పుడు కాకులకి కాపలా మా అత్తగారిదే. ఒరేయ్ కూడా ఎక్కి నీళ్ళ ట్యాంకు నీడలో పడుకునేవాడు. వాడు ఉన్నంతసేపూ కాకి వాలేది కాదు! నాలుగో రోజుకి మా అత్తగారు కర్ర కింద పెట్టేసి వాడి పక్కనే కునుకు తియ్యడం నా కళ్ళతో చూశాను. ఏమీ అనలేదు. అంటే ఒప్పుకోదు.

తిండికి మూడు దారులు వెతికాను. ఒకటి చెరువు చేప. వేట ఆగినా చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె అమ్ముతూనే ఉంటారు. ముక్కలు కొట్టించుకుని తలకాయ వద్దనేవాళ్ళు చాలామంది. దుకాణంలో అడిగితే రెండు తలకాయలు పది రూపాయలకి ఇచ్చేవాడు. కుక్కర్లో ఉడికించి, ముళ్ళన్నీ ఏరి, దవడ కండ, కళ్ళ చుట్టూ మెత్తటిదీ తీస్తే ఒక పూట గడిచేది. రెండోది కోళ్ళ దుకాణం. కొట్టే అబ్బాయిని, "అబ్బయా, మెడలూ కందనకాయలూ మిగిలితే మాకు పక్కన పెట్టు" అన్నాను. రోజూ పదిహేను రూపాయలకి ఒక కవరు. చర్మం, కొవ్వు తీసేసి ఉడికించడమే. మూడోది గుడ్డు, రెండు రోజులకొకటి, ఉడకబెట్టి చిదిమి తల్లికి.

కోడిమాంసం పచ్చిది వెయ్యడం మాత్రం చెయ్యకండి, అది ఎంత తాజాదైనా సరే. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుందిగా? 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకే ఆ జబ్బు సోకింది. బాగా ఉడికిస్తే భయం లేదు.

ఎండుచేపలు కూడా అడిగారు నన్ను చాలామంది. చేపలామె ఆ రెండు నెలలూ ఎండువే అమ్ముతుంది, ఇంకేం చేస్తుంది పాపం. కానీ అవి ఉప్పు గనులు. తప్పనిసరైతే రాత్రి నానబెట్టి, మూడుసార్లు నీళ్ళు మార్చి, ఉడికించి ఆ నీళ్ళు కూడా పారబోసి, కొంచెమే కలపాలి. ఇది ఒక్కచోట ఉడికిన నీళ్ళు పారబొయ్యాలి. మీల్‌మేకర్ పెట్టమన్న ఒకావిడకి మాత్రం నేను ఒప్పుకోలేదు, అందులో టారిన్ ఏదీ? మే నెలలో ఖర్చు ఆరువందల ఎనభై అయింది. వడియాల డబ్బులోనుంచే.

పిల్లలు ఎనిమిదో వారంలో పడ్డాయి. నాలుగూ వేటగాళ్ళే, తల్లి సగం చచ్చిన ఎలకని తెచ్చి పాఠం చెప్పేది. ఎలుకలెక్కడ ఎక్కువ? గింజలున్నచోట. ఒకదాన్ని బియ్యం మిల్లువాళ్ళు తీసుకున్నారు. రెండింటిని రొయ్యల మేత అమ్మే గోడౌన్‌కి ఇచ్చాను. మేత బస్తాలకి ఎలుకల బెడద అంతా ఇంతా కాదట. ఎలుకల మందు పెట్టనని ఒట్టు వేయించుకున్నాను, రోజూ ఇంత ఉడికిన తిండి పెట్టాలని కూడా. నాలుగోది మావారి ఐసు ఫ్యాక్టరీకి. అక్కడ ఎలుకలేమున్నాయో నాకు తెలీదు, ఆయన జేబులో పెట్టుకుని తీసుకెళ్ళారు. అప్పుడు తెలిసింది, ఆయన ఏమీ అనని మనిషే గానీ ఏమీ చూడని మనిషి కాదని.

ఇంతకీ పిల్లుల పెంపకంలో ఖర్చు తిండిది కాదండీ. పిల్లలది! ఆడపిల్లికి అయిదారు నెలలకే ఈడొస్తుంది. కడుపుతో ఉండేది రెండు నెలలు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ కడుపు నిలబడొచ్చు. ఏడాదికి రెండు మూడు ఈతలు. ఎన్ని మిల్లులున్నాయి, ఎన్ని గోడౌన్లున్నాయి? గోతాలూ సముద్రం ఒడ్డూ మళ్ళీ మాటల్లోకి వస్తాయి. అందుకని వడియాల డబ్బులో మిగిలింది తిండికి కాకుండా ఆపరేషన్‌కి పెట్టాను. మచ్చమ్మ చిన్నది, దానికి వ్యవధి ఉంది. బూడిదమ్మకి పాలు ఇంకిపోయాక, జూన్ ఆఖర్లో నెల్లూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చెప్పినట్టు రాత్రినుంచి తిండి పెట్టలేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్ట మీద ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టాను. షేర్ ఆటోలో అందరూ కోడి అనుకున్నారు. అది "మ్యావ్" అనేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏందమ్మా అది?" అన్నాడు. ఆపరేషన్‌కి అన్నాను. "పిల్లికి కుటుంబ నియంత్రణా!" అని ఆటో అంతా ఒకటే నవ్వు. ఒక ముసలామె మాత్రం, "నవ్వుతుండారు గానీ, మా కాలంలో మాకు చేయించుంటే ఎంత బాగుండేది" అంది. నవ్వు ఆగిపోయింది.

మందులు, కుట్లదారం, రానుపోను ఆటోలు అన్నీ కలిపి పన్నెండొందల చిల్లర. కుట్లు నాక్కుంటే విడిపోతాయి కదా, మెడకి వేసే గొట్టం కొనమన్నారు. దానికి బదులు మా పాప పాత బనీనుకి నాలుగు కాళ్ళకీ బొక్కలు కత్తిరించి తొడిగాను. డాక్టరు చూసి బాగుందన్నారు. పది రోజులు బనీను వేసుకుని ఇల్లంతా తిరిగింది, చూసినవాళ్ళు నవ్వారు. మా అత్తగారు మాత్రం దానికి రోజుకో ముక్క చేప ఎక్కువ వేసేవారు, నేను చూడట్లేదనుకుని. జూన్ 15న పడవలు వెళ్ళాయిగా, కవళ్ళు వస్తున్నాయి మరి!

సూదిమందు మాట మర్చిపోకండి. పిల్లి కరిచినా గీరినా రేబిస్ భయం కుక్కకున్నట్టే ఉంటుంది. ఏటా జులై 6న, పాశ్చర్ 1885లో మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన రోజని, మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకి ఉచితంగా టీకా వేస్తారు. కుక్కలే ఎక్కువొస్తాయి, పిల్లిని బుట్టలో గట్టిగా కట్టి పెందలాడే వెళ్ళండి. ముందురోజు ఒకసారి కనుక్కోవడం మంచిది. టీకా వేయించిన పిల్లి గీరినా సబ్బుతో పావుగంట కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, బద్ధకించొద్దు.

దొడ్డి సంగతి కూడా ఒక ముక్క చెప్పి ఆపేస్తాను. సముద్రతీరంలో మనకి ఇసక కరువా? పాత రేకు పళ్ళెంలో పొడి ఇసక, దానిలో పొయ్యి బూడిద కలిపితే వాసన రాదు. రోజూ తీసేసి గుంటలో పూడ్చెయ్యాలి. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పని చెయ్యకూడదు, పిల్లి మలంలో ఉండే ఒక క్రిమి కడుపులో బిడ్డకి చేటు చేస్తుంది. మలం పడిన రోజే తీసేస్తే ఆ క్రిమి ఇంకా సోకే స్థితికి రాదు, అందుకే రోజూ అన్నాను. మా ఆడబిడ్డ పురిటికొచ్చినప్పుడు ఆ పని మావారికి అప్పగించాను. చేశారు, ముక్కు మూసుకుని.

ఇప్పుడు మచ్చమ్మ వంతు. డబ్బాలో నాలుగొందలున్నాయి. సంక్రాంతికి అరిసెలు పోసిపెట్టమని ఇద్దరు అడిగారు, అవి అయ్యాక తీసుకెళతాను. ఆటో డ్రైవరు మొన్న బజార్లో కనబడి, "ఇంకోదాన్ని ఎప్పుడమ్మా?" అని అడిగాడు. వాళ్ళింట్లో కూడా ఒకటుందిట, ఆడదే.